వేరే సెగ్మెంట్ నుంచి సర్వర్ మేనేజ్‌మెంట్ పేజీ తెరుచుకోకపోతే ఎలా సరిచేయాలి?

ర్యాక్ దగ్గర నిలబడి అదే స్విచ్‌కు ల్యాప్‌టాప్ కలిపితే సర్వర్ మేనేజ్‌మెంట్ పేజీ వెంటనే తెరుచుకుంటుంది. మీ సీటు దగ్గరికి వచ్చి, వేరే సెగ్మెంట్ (నెట్‌వర్క్‌లోని మరో భాగం) నుంచి అదే చిరునామా కొడితే బ్రౌజర్ తిరుగుతూనే ఉంటుంది. ఫైర్‌వాల్ చూసేవారు అనుమతి ఇచ్చామంటారు, నెట్‌వర్క్ చూసేవారు రూట్ ఉందంటారు, సర్వర్ చూసేవారు పేజీ పనిచేస్తోందంటారు. ముగ్గురు చెప్పేదీ నిజమే అయినా పని మాత్రం జరగదు. ఈ ప్రశ్న నన్ను చాలామంది, చాలాసార్లు అడిగారు కాబట్టి, ఏ క్రమంలో వెతికితే తప్పు త్వరగా దొరుకుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

సిద్ధాంతం ఒక్క పేరా చాలు. సర్వర్ మదర్‌బోర్డు మీద బీఎంసీ (బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్) అనే చిన్న స్వతంత్ర కంప్యూటర్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ పేజీని చూపేది అదే. డెల్ దాన్ని ఐడ్రాక్ అంటుంది, హెచ్‌పీఈ ఐలో అంటుంది, లెనోవో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్ అంటుంది, సూపర్‌మైక్రో వాడేవారు మామూలుగా ఐపీఎంఐ పోర్టు అంటారు (ఐపీఎంఐ అంటే బీఎంసీతో మాట్లాడే ప్రోటోకాల్). దానికి సొంత మ్యాక్ చిరునామా (హార్డ్‌వేర్ గుర్తింపు), సొంత ఐపీ, సొంత గేట్‌వే (వేరే సెగ్మెంట్లకు వెళ్లే ద్వారం) ఉంటాయి. సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మీరు పెట్టిన రూట్లతో వాటికి ఏ సంబంధమూ లేదు. ఈ మాట గుర్తుంటే సగం దారి నడిచినట్టే, ఎందుకంటే ఇలాంటి సమస్యల్లో నేను ఎక్కువగా చూసిన కారణం ఒకటే: ప్యాకెట్ బీఎంసీ దాకా చేరుతుంది, జవాబుకు తిరిగి వచ్చే దారి ఉండదు. అందరూ మాత్రం వెళ్లే దారినే పదే పదే పరీక్షిస్తారు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

బీఎంసీ ఉన్న సెగ్మెంట్‌లోనే ఉండే ఒక యంత్రం తప్పనిసరి. అది జంప్ సర్వర్ (ఆ సెగ్మెంట్‌లోకి వెళ్లడానికి వాడే మధ్య యంత్రం) కావచ్చు, ర్యాక్ దగ్గరికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్ కావచ్చు. ఆ సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి అడ్మిన్ (రూట్ యూజర్) హక్కులతో లాగిన్ ఉంటే పని చాలా తేలికవుతుంది. స్విచ్‌లో మ్యాక్ పట్టికను, పోర్టు అమరికను చదివే అనుమతి, ఫైర్‌వాల్‌లో లాగ్ చూసి ప్యాకెట్లు పట్టగలిగే మనిషి ఫోన్‌లో అందుబాటులో ఉండాలి. పనిముట్లలో ఐపీఎంఐటూల్ (బీఎంసీకి ఆదేశాలిచ్చేది), టీసీపీడంప్ (ప్యాకెట్లు పట్టేది), కర్ల్ (వెబ్ చిరునామాను అడిగేది), ఎన్‌మ్యాప్ (పోర్టులు పరీక్షించేది), ఏఆర్‌పింగ్ (ఏఆర్‌పీతో పిలిచేది) చాలు.

ఒక కాగితం మీద బీఎంసీ మ్యాక్ చిరునామా, ఐపీ, మాస్క్ (సెగ్మెంట్ పరిధిని చెప్పేది), గేట్‌వే, వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) సంఖ్య, స్విచ్ పోర్టు సంఖ్య రాసుకోండి. మ్యాక్ చిరునామా చాలా సర్వర్లలో ముందు భాగాన లాగితే వచ్చే చీటీ మీద గాని, పైకప్పు మీది స్టిక్కర్ మీద గాని ఉంటుంది. వివరణ సులువు కావడానికి ఈ వ్యాసంలో బీఎంసీ 10.20.30.40, దాని గేట్‌వే 10.20.30.1, అదే సెగ్మెంట్‌లోని జంప్ సర్వర్ 10.20.30.10, మీ కంప్యూటర్ 10.20.80.25 అనుకుందాం; మాస్క్ అన్నిచోట్లా 255.255.255.0.

1. లక్షణాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

"రావడం లేదు" అన్న ఒక్క మాటతో ఎవరినీ పిలవకండి. చాలాసేపు ఆగి టైమ్‌అవుట్ అయితే, దారిలో ఎవరో ప్యాకెట్‌ను మౌనంగా పారేస్తున్నారు, లేదా జవాబు తిరిగి రావడం లేదు. వెంటనే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే, మీ ప్యాకెట్ ఎక్కడో ఒకచోట చేరింది కాని ఆ పోర్టులో ఎవరూ వినడం లేదు, లేదా ఫైర్‌వాల్ తిరస్కరించి చెబుతోంది. గేట్‌వే చిరునామా నుంచి హోస్ట్ అన్‌రీచబుల్ అని వస్తే, రూటర్ ఆ సెగ్మెంట్‌లో ఏఆర్‌పీ (ఈ ఐపీ మ్యాక్ ఏదని అడిగే పిలుపు) ద్వారా పిలిచినా 10.20.30.40 పలకలేదని అర్థం. అప్పుడు ఫైర్‌వాల్ జోలికి వెళ్లకుండా నేరుగా 4వ మెట్టుకు వెళ్లండి. పేజీ సగం వచ్చి ఆగిపోతే 7వ మెట్టు, లాగిన్ దాకా వచ్చి ఆగిపోతే 8వ మెట్టు చూడండి.

2. అదే సెగ్మెంట్ నుంచి పరీక్షించండి

జంప్ సర్వర్ నుంచి మొదట పింగ్ చేయండి, తరువాత టీసీపీ 443కు కర్ల్‌తో కనెక్ట్ కండి. వెంటనే ఏఆర్‌పీ పట్టికలో 10.20.30.40కి ఎదురుగా ఉన్న మ్యాక్ చిరునామాను మీ కాగితం మీదిదానితో పోల్చండి. ఈ పోలిక చాలామంది వదిలేస్తారు. అదే ఐపీ మరో యంత్రానికి కూడా ఇచ్చి ఉంటే, జంప్ సర్వర్‌కు ఒకరు, రూటర్‌కు మరొకరు జవాబిస్తారు. అప్పుడు దగ్గర నుంచి పనిచేసేది దూరం నుంచి పనిచేయదు, తప్పు రూటింగ్‌దే అనిపిస్తుంది. ఏఆర్‌పింగ్ చేసినప్పుడు రెండు వేర్వేరు మ్యాక్‌ల నుంచి జవాబులు వస్తే తప్పు అక్కడే దొరికింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, ఏ సర్వర్ బీఎంసీని పరీక్షిస్తున్నారో అదే సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి పింగ్ చేసి నిర్ణయానికి రాకండి. బీఎంసీ షేర్డ్ పోర్టు (సర్వర్‌తో పంచుకునే పోర్టు) వాడుతుంటే రెండూ ఒకే కేబుల్ మీద ఉంటాయి, స్విచ్ ఒక పోర్టు నుంచి వచ్చిన ఫ్రేమ్‌ను మళ్లీ అదే పోర్టుకు పంపదు కనుక జవాబు రాకపోవడం లోపం కాదు. రెండవది, జంప్ సర్వర్‌కు రెండు సెగ్మెంట్లలోనూ నెట్‌వర్క్ కార్డులు ఉంటే, మీ పరీక్ష ఏ కార్డు నుంచి వెళ్లిందో చూసుకోండి. మేనేజ్‌మెంట్ కార్డు నుంచి వెళ్లిన పింగ్ రూటర్‌ను తాకనే తాకదు, కాబట్టి దాని విజయం రూటింగ్ గురించి ఏమీ చెప్పదు.

పింగ్ వస్తూ పేజీ మాత్రం అదే సెగ్మెంట్ నుంచి కూడా రాకపోతే, బీఎంసీలోని వెబ్ సర్వీస్ బిగుసుకుపోయి ఉండవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఐపీఎంఐటూల్‌తో ఎంసీ రీసెట్ కోల్డ్ ఇచ్చి, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. నడుస్తున్న సర్వర్ దీనివల్ల ఆగిపోదు. అయితే కొన్ని యంత్రాల్లో ఆ కొద్దిసేపు ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతాయి, షేర్డ్ పోర్టు అయితే లింక్ ఒకసారి తెగి కలిసే అవకాశం కూడా ఉంది కనుక, పని వేళల్లో చేయడానికి ముందు సంబంధిత వారికి చెప్పండి.

3. బీఎంసీ లోపలి నెట్‌వర్క్ వివరాలు చదవండి

దగ్గర నుంచి పనిచేసి దూరం నుంచి పనిచేయని సందర్భాల్లో మొదట చూడవలసింది ఇదే. పేజీ తెరుచుకుంటోంది కనుక జంప్ సర్వర్ నుంచి లాగిన్ అయి నెట్‌వర్క్ విభాగం చూడవచ్చు. లేదా సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఐపీఎంఐటూల్ ల్యాన్ ప్రింట్ 1 అని ఇవ్వవచ్చు. హెచ్‌పీఈ యంత్రాల్లో ల్యాన్ ఛానల్ సంఖ్య సాధారణంగా 2. డివైస్ తెరవలేకపోయానని సందేశం వస్తే కెర్నల్‌లో ఐపీఎంఐ మాడ్యూళ్లు లోడ్ కాలేదని అర్థం. వాటిని లోడ్ చేసి మళ్లీ అడగండి. డెల్‌లో ర్యాకాడమ్ అనే ఆదేశ పనిముట్టు ద్వారా కూడా ఇదే సమాచారం దొరుకుతుంది.

మొదట గేట్‌వే వరుస చూడండి. అక్కడ 0.0.0.0 ఉంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు. బీఎంసీకి మీ ప్యాకెట్ చేరుతోంది, కాని 10.20.80.25కు జవాబు ఎటు పంపాలో దానికి తెలియదు. నేను ఒకసారి రెండు రోజుల పాటు ఫైర్‌వాల్ నియమాలు తిరగేసి, చివరికి ఈ ఒక్క వరుసలో సున్నాలు చూశాను. అప్పటి నుంచి ఎవరు పిలిచినా మొదటి ప్రశ్న గేట్‌వే గురించే అడుగుతాను. చిరునామా డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే సేవ) ద్వారా వస్తుంటే, ఆ స్కోప్‌లో (చిరునామాల పరిధి అమరికలో) రూటర్ చిరునామాను ఇచ్చే ఆప్షన్ 3 ఉందో లేదో చూడండి. మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ బయటికి వెళ్లనక్కర్లేదని ఎవరో ఒకప్పుడు దాన్ని తీసేసి ఉండవచ్చు.

తరువాత మాస్క్. ఇది గేట్‌వే కంటే మోసకారి. 255.255.255.0 బదులు 255.255.0.0 పెట్టి ఉంటే, బీఎంసీ దృష్టిలో 10.20.80.25 కూడా తన సెగ్మెంట్‌లోనే ఉన్నట్టు లెక్క. అందువల్ల గేట్‌వేకు పంపకుండా ఏఆర్‌పీ ద్వారా నేరుగా మిమ్మల్ని పిలుస్తుంది; మీకు ఆ పిలుపు వినబడదు. దీన్ని పట్టుకోవడానికి మంచి గుర్తు ఉంది: 10.20తో మొదలయ్యే ఇతర సెగ్మెంట్ల నుంచి బీఎంసీ అందదు, కాని 172.16తో మొదలయ్యే వీపీఎన్ చిరునామాల నుంచి చక్కగా అందుతుంది. రూటర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ (ఇతరుల తరఫున రూటరే ఏఆర్‌పీకి పలకడం) ఆన్‌లో ఉంటే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. కొత్త రూటర్ పెట్టిన రోజున, లేదా భద్రత కోసం ప్రాక్సీ ఏఆర్‌పీ ఆపిన రోజున ఒక్కసారిగా సగం బీఎంసీలు మాయమవుతాయి. అప్పుడు రూటర్‌ను నిందించకండి, మాస్క్‌లు సరిచేయండి.

సరిచేయడానికి ఐపీఎంఐటూల్‌లో ల్యాన్ సెట్ ఆదేశం ద్వారా ముందు ఐపీ మూలాన్ని స్టాటిక్‌గా మార్చి, తరువాత చిరునామా, మాస్క్, డిఫాల్ట్ గేట్‌వే వరుసగా ఇవ్వాలి. ఇవ్వగానే మళ్లీ ల్యాన్ ప్రింట్ చేసి, రాసినది నిజంగా నిలిచిందో చూడండి.

4. కేబుల్, పోర్టు, వీల్యాన్

2వ మెట్టులోనే విఫలమైనవారికి, లేదా ఒకప్పుడు పనిచేస్తూ ఒకప్పుడు పనిచేయని స్థితి ఉన్నవారికి ఈ మెట్టు.

బీఎంసీ డెడికేటెడ్ పోర్టు (తనకు మాత్రమే కేటాయించినది) వాడుతోందా, షేర్డ్ పోర్టు వాడుతోందా, ఫెయిలోవర్‌లో ఉందా అన్నది మొదట తేల్చండి. ఫెయిలోవర్ అమరికలో బీఎంసీ మొదలయ్యేటప్పుడు డెడికేటెడ్ పోర్టులో లింక్ లేకపోతే షేర్డ్ పోర్టుకు మారే యంత్రాలు ఉన్నాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు సర్వర్ ముందు లేచి స్విచ్ ఆలస్యంగా లేస్తే బీఎంసీ డేటా వీల్యాన్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, మేనేజ్‌మెంట్ వీల్యాన్‌లో ఎంత వెతికినా కనిపించదు. స్విచ్‌లన్నిటిలో బీఎంసీ మ్యాక్‌ను వెతికితే అది ఏ పోర్టులో ఉందో తెలిసిపోతుంది. డెడికేటెడ్ కేబుల్ వేసి ఉంటే అమరికను కూడా డెడికేటెడ్‌కే బిగించడం మంచిదని నా అభిప్రాయం.

వీల్యాన్ ట్యాగ్ ఒకచోటే వేయాలి. స్విచ్ పోర్టు యాక్సెస్ రీతిలో (ఒకే వీల్యాన్, ట్యాగ్ లేకుండా) ఉంటే బీఎంసీలో వీల్యాన్ సంఖ్య ఆఫ్‌లో ఉండాలి. బీఎంసీలో సంఖ్య పెడితే స్విచ్ పోర్టు ట్రంక్‌గా (పలు వీల్యాన్లను ట్యాగ్‌తో మోసేదిగా) ఉండి ఆ వీల్యాన్‌ను ట్యాగ్‌తో అనుమతించాలి. రెండుచోట్లా పెట్టినా, రెండుచోట్లా వదిలేసినా దారి తెగుతుంది.

షేర్డ్ పోర్టు మీద లింక్ అగ్రిగేషన్ (పలు కేబుళ్లను ఒకటిగా వాడడం) ఉంటే ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. బీఎంసీకి ఎల్ఏసీపీ (ఆ కలయికను కుదిర్చే ప్రోటోకాల్) తెలియదు. సర్వర్ నడుస్తున్నంతసేపు ఆపరేటింగ్ సిస్టమ్ ఎల్ఏసీపీ మాట్లాడుతుంది కనుక పోర్టు తెరిచి ఉంటుంది; సర్వర్ కూలిపోగానే స్విచ్ ఆ పోర్టును సస్పెండ్ చేస్తుంది, అంటే బీఎంసీ అవసరమైన క్షణంలోనే అందకుండా పోతుంది. సర్వర్ నడుస్తున్నప్పుడు కూడా స్విచ్ తన హ్యాష్ లెక్క ప్రకారం బీఎంసీకి వెళ్లవలసిన ఫ్రేమ్‌ను రెండవ కేబుల్ మీద పంపవచ్చు. అందుకే ఒక కంప్యూటర్‌కు అందేది పక్క కంప్యూటర్‌కు అందదు. డెడికేటెడ్ పోర్టుకు మారడమే సరైన పరిష్కారం. కుదరకపోతే స్విచ్‌లో ఎల్ఏసీపీ ఫాల్‌బ్యాక్ సౌకర్యం ఉందేమో చూడండి, అది రెండవ చిక్కును మాత్రం తీర్చదు.

మిగతావి క్లుప్తంగా: పోర్టు సెక్యూరిటీలో ఒకే మ్యాక్‌ను అనుమతిస్తే షేర్డ్ పోర్టు మీద రెండవ మ్యాక్ కనబడగానే పోర్టు మూసుకుపోతుంది. పాత బీఎంసీల్లో కొన్ని 100 మెగాబిట్ల వేగాన్నే అందుకుంటాయి, ఆ వేగాన్ని ఒప్పుకోని స్విచ్ పోర్టులో లింక్ దీపం వెలగదు. స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య వలయాలు ఏర్పడకుండా చూసేది) పోర్టును తెరవడానికి 30 సెకన్లు తీసుకుంటే ఈలోగా బీఎంసీ డీహెచ్‌సీపీ ప్రయత్నం ముగిసి, 169.254తో మొదలయ్యే చిరునామా తీసుకోవచ్చు. ఆ పోర్టును ఎడ్జ్ పోర్టుగా ప్రకటించండి.

5. రూటింగ్‌ను రెండు వైపుల నుంచీ చూడండి

మీ కంప్యూటర్ నుంచి ట్రేస్‌రూట్ చేస్తే వెళ్లే దారి మాత్రమే తెలుస్తుంది. తిరుగు దారి కోసం 10.20.30.1 ఉన్న రూటర్‌లోకి వెళ్లి, 10.20.80.0 సెగ్మెంట్‌కు రూట్ ఏ ఇంటర్‌ఫేస్ వైపు చూపిస్తోందో అడగండి. మేనేజ్‌మెంట్ కోసం వేరే వీఆర్‌ఎఫ్ (విడి రూటింగ్ పట్టిక) పెట్టిన చోట్ల, ఒక వైపు రూట్ పంచి రెండో వైపు మరచిపోవడం మామూలే.

బీఎంసీ సెగ్మెంట్‌కు రెండు ద్వారాలు ఉన్నప్పుడు తప్పు మరింత చిక్కుగా ఉంటుంది. మీ ప్యాకెట్ ఫైర్‌వాల్ గుండా నేరుగా ఆ సెగ్మెంట్‌లోకి వెళుతుంది, బీఎంసీ మాత్రం తన గేట్‌వే అయిన రూటర్ గుండా జవాబిస్తుంది. పింగ్ వస్తుంది, టీసీపీ కనెక్షన్ కూడా ఏర్పడినట్టే కనిపిస్తుంది, కాని పేజీ రాదు: ఫైర్‌వాల్ మొదటి సిన్ (కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్) చూసింది, దానికి జవాబు చూడలేదు, అందుకని మీరు తరువాత పంపే ప్యాకెట్లను వరుస తప్పినవిగా భావించి పారేస్తుంది. పింగ్ వచ్చి టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్ కుదుర్చుకునే దశ) దగ్గర ఆగిపోతే ఈ అనుమానాన్ని గుర్తుపెట్టుకోండి. ఫైర్‌వాల్‌లో స్థితి తనిఖీ ఆపేయమని కొందరు సలహా ఇస్తారు, నేను ఇవ్వను. బీఎంసీ గేట్‌వేను ఫైర్‌వాల్ వైపు మార్చడమో, రూటర్‌లో దారి మార్చడమో చేసి రెండు దిక్కులూ ఒకే ద్వారం గుండా వెళ్లేలా చూడండి.

జంప్ సర్వర్‌లో డాకర్ (కంటెయినర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే మరో సంగతి: అది డిఫాల్ట్‌గా 172.17.0.0 మాస్క్ 255.255.0.0 పరిధిని తన బ్రిడ్జికి తీసుకుంటుంది. మీ ఆఫీసు సెగ్మెంట్ కూడా అదే పరిధిలో ఉంటే జంప్ సర్వర్ జవాబులు బయటికి రావు.

6. ఫైర్‌వాల్: నియమం కాదు, ప్యాకెట్ చూడండి

నియమం ఉందన్న మాట దగ్గర ఆగకండి. ఫైర్‌వాల్‌లో బీఎంసీ వైపు ఇంటర్‌ఫేస్ మీద 10.20.30.40కు సంబంధించిన ప్యాకెట్లను పట్టమని అడిగి, అదే సమయంలో మీ వైపు నుంచి 443కు ప్రయత్నించండి. మూడు ఫలితాల్లో ఒకటి వస్తుంది. సిన్ బీఎంసీ వైపు బయటికి రాకపోతే నియమంలోనో ఫైర్‌వాల్ రూటింగ్‌లోనో లోపం. సిన్ బయటికి వచ్చి ఏ జవాబూ రాకపోతే బీఎంసీ గేట్‌వే, మాస్క్, లేదా బీఎంసీలోని ఐపీ వడపోత కారణం. జవాబు వచ్చి మీ దాకా చేరకపోతే లోపం ఫైర్‌వాల్‌లోనో దానికి ఇవతలో ఉంది. పది మంది కూర్చున్న సమావేశం తేల్చలేనిది ఈ ఒక్క పరీక్ష తేలుస్తుంది.

రెండవ ఫలితం వచ్చినప్పుడు ఇంకో పరీక్ష ఉంది. మీ చిరునామాను 10.20.30.0 సెగ్మెంట్‌లోని చిరునామాగా మార్చే సోర్స్ నాట్‌ను ఫైర్‌వాల్‌లో తాత్కాలికంగా పెట్టండి. అప్పుడు బీఎంసీ దృష్టిలో మీరు పక్కింటివారే. గేట్‌వే అవసరం లేదు. ఇలా పనిచేస్తే తప్పు గేట్‌వేదో మాస్క్‌దో అన్నది దాదాపు ఖాయం. మార్చడానికి వీలులేని పాత యంత్రాలకు ఇదే దీర్ఘకాల ప్రత్యామ్నాయం కూడా, కాని ఒక నష్టం ఉంది: బీఎంసీ లాగ్‌లో అందరూ ఒకే చిరునామాతో కనిపిస్తారు, ఒకరు పాస్‌వర్డ్ తప్పు కొట్టి ఆ చిరునామా నిషేధానికి గురైతే అందరికీ దారి మూసుకుపోతుంది.

తెరవవలసిన పోర్టుల విషయంలో ఎక్కువమంది 443 దగ్గర ఆగిపోతారు. కమాండ్ లైన్‌కు టీసీపీ 22, ఐపీఎంఐకి యూడీపీ 623 కావాలి. రిమోట్ కన్సోల్‌కు ప్రత్యేక పోర్టు ఉండవచ్చు: ఐలోలో టీసీపీ 17990, వర్చువల్ మీడియాకు 17988, ఐడ్రాక్ వర్చువల్ కన్సోల్‌కు, సూపర్‌మైక్రో కన్సోల్‌కు చాలా వెర్షన్లలో టీసీపీ 5900, ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్‌లో 3900. పేజీ వచ్చి కన్సోల్ మాత్రం నల్లగా ఉంటే ముందు ఇవి చూడండి. మీ ఫర్మ్‌వేర్ వెర్షన్‌లో ఏ పోర్టు ఉందో బీఎంసీ సర్వీసుల పేజీలోనే రాసి ఉంటుంది.

యూడీపీ 623ను ఎన్‌సీ (నెట్‌క్యాట్) పనిముట్టుతో పరీక్షించి తెరిచి ఉందని నమ్మకండి. యూడీపీలో జవాబు రాకపోయినా అది విజయమనే చూపవచ్చు. ఫ్రీఐపీఎంఐలోని ఐపీఎంఐపింగ్, లేదా ఎన్‌మ్యాప్‌లోని ఐపీఎంఐ వెర్షన్ స్క్రిప్ట్ వాడితే నిజమైన జవాబు వస్తుంది.

హెచ్చరిక: దారి దొరకడం లేదని బీఎంసీకి పబ్లిక్ ఐపీ ఇవ్వడం, లేదా ఇంటర్నెట్ నుంచి పోర్టు ఫార్వర్డ్ చేయడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఐపీఎంఐ 2.0లో లాగిన్ చేయకముందే యూజర్ పాస్‌వర్డ్ హ్యాష్‌ను బయటికి లాగే వీలు ప్రోటోకాల్ నిర్మాణంలోనే ఉందని 2013లో బయటపడింది. ప్యాచ్‌తో పోయే లోపం కాదది. ఏఎంఐ మెగార్యాక్ ఫర్మ్‌వేర్‌లోని లాగిన్ దాటవేత లోపాన్ని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2025 జూన్‌లో, నిజంగా దాడులకు వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది. బీఎంసీ చేజారితే సర్వర్ మొత్తం చేజారినట్టే.

7. పేజీ మొదలై ఆగిపోతే ప్యాకెట్ పరిమాణం చూడండి

చిన్న ప్యాకెట్లు వెళ్లి పెద్దవి వెళ్లకపోవడం వీపీఎన్ గుండా వచ్చేవారికి తరచుగా ఎదురవుతుంది. ముక్కలు చేయవద్దన్న షరతుతో 1472 బైట్ల పింగ్ పంపండి. శీర్షికలు 28 బైట్లు కలిపి 1500 అవుతుంది. అది పోకపోతే 1400, 1350 అంటూ తగ్గిస్తూ ఎక్కడ పోతుందో చూడండి. పెద్దది పోకుండా, ముక్కలు చేయాలన్న ఐసీఎంపీ సందేశం కూడా మీకు రాకుండా ఉంటే, దారిలో ఎవరో ఐసీఎంపీని పూర్తిగా ఆపేశారు. ఆ సందేశాన్ని అనుమతించమనండి; వీపీఎన్ గేట్‌వేలో టీసీపీ ఎంఎస్‌ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా గరిష్ఠ పరిమాణాన్ని) తగ్గించడం దీనికి ప్రత్యామ్నాయం.

8. చేరుతోంది కాని లోపలికి రానివ్వడం లేదా?

పాత బీఎంసీలు టీఎల్‌ఎస్ 1.0 వరకే ఎరిగినవి. ప్రధాన బ్రౌజర్లు 2020లో 1.0ను, 1.1ను ఆపడం మొదలుపెట్టాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కనెక్ట్ అయి ఏ వెర్షన్ కుదిరిందో చూస్తే, ఇది నెట్‌వర్క్ తప్పు కాదని తేలిపోతుంది. ఫర్మ్‌వేర్ నవీకరణే మందు. జావా వెబ్ స్టార్ట్ మీద ఆధారపడిన పాత కన్సోళ్లదీ ఇదే కథ, జావా 11లో ఆ సౌకర్యాన్ని తీసేశారు.

ఐపీతో పేజీ వచ్చి పేరుతో 400 బ్యాడ్ రిక్వెస్ట్ వస్తే, బీఎంసీ హోస్ట్ హెడర్‌ను (బ్రౌజర్ పంపే సైట్ పేరును) తనిఖీ చేస్తోందని అర్థం. ఐడ్రాక్ 9 కొత్త ఫర్మ్‌వేర్లలో ఇది ఉంది. మీరు వాడే పేరును మాన్యువల్ డీఎన్ఎస్ ఎంట్రీలో చేర్చండి.

లోకల్ యూజర్‌తో లాగిన్ అయి డొమైన్ యూజర్‌తో కాకపోతే, ఈసారి తలుపు తట్టేది బీఎంసీ. దాని నుంచి బయటికి డీఎన్ఎస్ (పేర్ల కోసం) 53, ఎన్‌టీపీ (సమయం కోసం) 123, ఎల్‌డీఏపీ (డొమైన్ యూజర్ల కోసం) 636 తెరవాలి. గడియారం తప్పుగా ఉన్నా సర్టిఫికెట్ చెల్లదంటుంది, కాబట్టి సమయాన్ని ముందు చూడండి.

వెబ్‌లో పనిచేసే పాస్‌వర్డ్ ఐపీఎంఐటూల్‌లో పనిచేయకపోతే దాని పొడవు లెక్కపెట్టండి: ఐపీఎంఐ 2.0లో పాస్‌వర్డ్ గరిష్ఠంగా 20 బైట్లు. ఆర్‌ఎంసీపీ ప్లస్ (నెట్‌వర్క్ మీద ఐపీఎంఐ) సెషన్ ఏర్పడలేదన్న ఐపీఎంఐటూల్ సందేశాన్ని మాత్రం అక్షరాలా నమ్మకండి. దారి లేకపోయినా, పాస్‌వర్డ్ తప్పయినా, సైఫర్ సూట్ కుదరకపోయినా, బీఎంసీలో ల్యాన్ మీద ఐపీఎంఐని ఆపి ఉంచినా ఆ ఒక్క వాక్యమే వస్తుంది. ల్యాన్‌ప్లస్ ఇంటర్‌ఫేస్‌తో సైఫర్ 17, కాకపోతే 3 ఇచ్చి చూడండి. కొత్త యంత్రాల్లో ఈ సేవ ఫ్యాక్టరీ నుంచే ఆఫ్‌లో రావచ్చు. అవసరం లేకపోతే అలాగే ఉంచి రెడ్‌ఫిష్ (వెబ్ ద్వారా బీఎంసీని నడిపే ప్రమాణం) వాడడం మేలు.

9. అప్పటికప్పుడు పని జరగాలంటే: ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్

మూలకారణం సరిచేసేలోగా జంప్ సర్వర్ గుండా ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ చేసిన రిమోట్ లాగిన్) టన్నెల్ వేసుకోవచ్చు. స్థానిక 8443ను 10.20.30.40 యొక్క 443కు కలపడం అందరికీ తెలిసిన పద్ధతి, కాని కన్సోల్ పోర్టును విడిగా కలపాలి, హోస్ట్ హెడర్ తనిఖీ ఉన్న బీఎంసీలు లోకల్‌హోస్ట్ పేరును ఒప్పుకోకపోవచ్చు, కొన్ని పేజీలు మిమ్మల్ని మళ్లీ 443కు మళ్లిస్తాయి. అందుకే నేను డైనమిక్ ఫార్వర్డింగ్ వాడతాను: ఎస్‌ఎస్‌హెచ్‌ను సాక్స్ ప్రాక్సీగా (బ్రౌజర్ కనెక్షన్లన్నిటినీ తన గుండా పంపే మధ్యవర్తిగా) 1080లో నడిపి, ప్రత్యేకంగా ఒక బ్రౌజర్ ప్రొఫైల్‌ను దానికి చూపిస్తే, బీఎంసీ అసలు ఐపీనే కొట్టవచ్చు, బ్రౌజర్‌లో నడిచే కన్సోల్ పోర్టులు కూడా వాటంతటవే దాని గుండా వెళతాయి. ఎస్‌ఎస్‌హెచ్ ఫార్వర్డింగ్ టీసీపీని మాత్రమే మోస్తుంది. యూడీపీ 623 దాని గుండా రాదు కనుక, ఐపీఎంఐటూల్‌ను జంప్ సర్వర్‌లోనే నడపండి.

10. సరిచేశాక ఇలా పరీక్షించండి

మీ సెగ్మెంట్ నుంచి కర్ల్‌తో బీఎంసీలోని రెడ్‌ఫిష్ వీ1 (/redfish/v1) దారిని అడగండి. రెడ్‌ఫిష్ ప్రమాణం ప్రకారం ఈ మొదటి పేజీకి లాగిన్ అవసరం లేదు కనుక, జేసన్ జవాబు వస్తే దారి, టీఎల్‌ఎస్, వెబ్ సర్వీస్ మూడూ సరిగా ఉన్నట్టు ఒకేసారి తెలుస్తుంది. తరువాత లాగిన్ అయి కన్సోల్ తెరిచి కీబోర్డు అక్షరాలు పడుతున్నాయో చూడండి, వర్చువల్ మీడియాలో చిన్న ఐఎస్ఓ కలిపి చూడండి. పరీక్ష కోసం పెట్టిన సోర్స్ నాట్, తాత్కాలిక నియమాలు తీసేసి మళ్లీ ఇదంతా చేయండి. వాటి మీదే పేజీ నిలబడి ఉందేమో అప్పుడే తెలుస్తుంది.

బీఎంసీని ఒకసారి కోల్డ్ రీసెట్ చేసి అమరిక నిలిచిందో చూడండి. చివరగా నిర్వహణ సమయం తీసుకుని సర్వర్‌ను పూర్తిగా పవర్ ఆఫ్ చేసి, వేరే సెగ్మెంట్ నుంచే బీఎంసీలోకి లాగిన్ అయి, అక్కడి నుంచే దాన్ని ఆన్ చేయండి. షేర్డ్ పోర్టు, ఎల్ఏసీపీ తప్పులు ఈ పరీక్షలోనే బయటపడతాయి. అది గట్టెక్కాక మీ కాగితం మీది ఐపీ, మాస్క్, గేట్‌వే, వీల్యాన్, పోర్టు రీతి, స్విచ్ పోర్టు సంఖ్యలను ర్యాక్ రికార్డులోకి ఎక్కించండి.